డ్రిల్లు వరుసలో నా చోటు

మా బడి మాట వస్తే అందరూ డ్రిల్లు సారునే తలుచుకుంటారు. ఆయన ఈల, ఆయన మీసం, ఆయన క్రమశిక్షణ. ఆయన వరుసలోంచి బయటికి గెంటిన వాణ్ణి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ పలకరించలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

చిన్నప్పుడు నా మెడ ఉన్నట్టుండి ఎడమకు విసురుగా తిరిగేది. వెంటనే భుజం ఎగిరేది. బిగబట్టుకుంటే కాసేపు ఆగి, తర్వాత రెట్టింపుగా వచ్చేది. పంద్రాగస్టు కవాతుకు పిల్లల్ని ఎంచడానికి సారు అందరినీ ఒంటికాలి మీద నిలబెట్టారు. పటేలు కొడుకు మొదటే పడ్డాడు. తక్కినవాళ్లూ ఒక్కొక్కరే కాలు దించేశారు. నేను మాత్రం నిలబడే ఉన్నాను. మెడ పని మెడది, కాలి పని కాలిది.

“దిగురా, దిగు! నిన్ను చూస్తే నాకే కండ్లు తిరుగుతున్నయి,” అన్నారు సారు.

“నేను పడలే సార్.”

“పడకుంటె ఏంది? తల సక్కగ లేనోడు వరుసల ఎట్ల నిలబడ్తడు?”

జెండా పటేలు కొడుక్కిచ్చారు. పడితే పడ్డాడు, తల నిటారుగా ఉంచి పడ్డాడు కదా.

ఆ వారమే పోచమ్మ బోనాలు. అవ్వ బోనమెత్తుకుంటే నేను పక్కన నడిచాను. డప్పులు జోరందుకోగానే నా మెడా జోరందుకుంది.

“తల్లి వచ్చింది!” అని ఎవరో అరిచారు.

“తల్లి లేదు, ఏం లేదు! మా పోరనికి ఎప్పుడు గట్లనే అయితది,” అని అవ్వ మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. నా కాళ్ల మీద పసుపునీళ్లు పోశారు, చేతిలో వేపమండ పెట్టారు. బడికి పనికిరాని మెడకు ఊరంతా దండం పెట్టింది. ఆ జనంలోంచి చేతులు జోడించుకుని మా సారూ వచ్చారు.

“తల్లీ, మంచిర్యాలకు నా బదిలీ అయితదా?”

అంత మంచి అదను పోగొట్టుకునేవాణ్ణి కాను. “ముందుగాల గీ పోరన్ని వరుసల నిలబెట్టు,” అన్నాను.

“తప్పయింది తల్లీ, నిలబెడ్త,” అని సారు నా కాళ్లు మొక్కారు.

మర్నాడు అందరికంటే ముందే వెళ్లి వరుసలో నిలబడ్డాను. సారు రెక్క పట్టుకుని బయటికి లాగారు.

“మాటిచ్చిండ్రు గద సార్!”

“నీకిచ్చిన్నార? తల్లికిచ్చిన. తల్లికి నేను చెప్పుకుంట, నువ్వు నడువు.”

పంద్రాగస్టు కవాతు గోడ పక్కనుంచి చూశాను.

సారూ, మీకు మంచిర్యాల రానే లేదు. ఈ ఊళ్లోనే రిటైరై, శాలువాలు కప్పించుకుంటూ తిరుగుతున్నారు. ఆ రోజు మీరు మొక్కింది నాకైతే నాకిచ్చిన మాట ఎందుకు తప్పారు? తల్లికైతే తల్లికిచ్చిన మాట తప్పే ధైర్యం ఎక్కడిది? ఇంటికి వస్తే నిద్రపోతున్నారని చెప్పిస్తున్నారు. బడి ముందో, గుడి ముందో, చోటు మీరే చెప్పండి. నలుగురూ వింటుండగా నాకు జవాబు కావాలి.