నలభై ఏడో నిమిషం దగ్గర తెరుచుకున్న ట్రే

దయ్యాలంటే మా ఇంట్లో భయం ఉండేది కాదు, చిన్నచూపు ఉండేది. అవి పనిలేనివాళ్లకే కనబడతాయనేవారు మా తాతగారు. నేను లెక్కల మాస్టారిని. రుజువు లేని మాట ఇంతవరకు పిల్లలకు చెప్పలేదు. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. కానీ మా చర్చిలో ఈ సంగతి నాలుగు రకాలుగా తిరుగుతోంది. జరిగింది జరిగినట్టు నేనే చెప్పడం మర్యాద.

మాది ములకలపల్లి. తాతగారు తునికాకు కాంట్రాక్టరు. ఒకప్పుడు మా వాకిట్లో రెండు లారీలు, ఒక జీపు ఉండేవి. ఇప్పుడు నేను, భర్త పోయాక నా దగ్గరికి వచ్చేసిన చెల్లెలు గ్రేస్, రెండు గదులు. పోయినవాటి గురించి నేను ఎవరి దగ్గరా మాట్లాడను. మిగిలినది ఒక్కటే ఉండేది. చర్చి గుమ్మం పక్కన రాతి ఫలకం. 'ఈ స్థలము దానము చేసినవారు' అని, కింద తాతగారి పేరు.

పోయిన వేసవిలో పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టాలనుకున్నారు. ఫలకం మళ్లీ పెట్టాలా అన్న మాట వచ్చింది. కమిటీ సెక్రటరీ దేవదానం ఇంటికి వచ్చాడు.

"స్థలం మీ తాతదేనని మేమంత అనుకుంటున్నం సార్. కానీ యాభై ఏండ్ల పండుగల పెద్దయ్యగారు దీని ముచ్చట ఏదో చెప్పిండంటున్నరు. ఏం చెప్పిండో ఎవ్వరికీ సరిగ యాదికి లేదు. మీ ఇంట్ల క్యాసెట్ ఉన్నదంట గదా. వచ్చే నెల మొదటి ఆదివారం చూపెట్టండి. చూసినంక రాయి పెడదాం."

పెద్దయ్యగారంటే అప్పటి పాస్టర్. ఇప్పుడు లేరు. ఆ పండుగ జరిగి పన్నెండేళ్లు. ఆ రోజు నేను టైఫాయిడ్‌తో భద్రాచలం దవాఖానాలో ఉన్నాను, గ్రేస్ నా దగ్గర ఉంది. మా నాన్నగారు ఒక్కరే వెళ్లారు. వచ్చాక బీరువాలో ఒక డీవీడీ పెట్టారు. బతికున్నన్నాళ్లూ దాన్ని మాకు వేసి చూపలేదు. పెద్దయ్యగారు తాతగారిని పొగిడి ఉంటారు, నాన్నగారికి గొప్ప చెప్పుకోవడం ఇష్టం లేదు, అంతేననుకున్నాను.

నా ల్యాప్‌టాప్ పాతది. డీవీడీ వేస్తే ఆరాధన మొదలైంది, పాటలు అయ్యాయి. నలభై ఏడో నిమిషంలో పెద్దయ్యగారు లేచి, మైకు సవరించుకుని, "ఈ స్థలం సంగతి ఒకటి చెప్పాలి" అన్నారు. టక్కుమని ట్రే బయటికి వచ్చేసింది.

మళ్లీ వేశాను. అక్కడే వచ్చింది. ఫైలు కాపీ చేయబోతే ఆ చోటే మళ్లీ ట్రే తెరుచుకుంది. గీతలు పడ్డ డిస్క్ ఆగిపోతుంది, నిజమే. కానీ ట్రేని బయటికి తోయదు. పిల్లల పాటల డీవీడీ ఒకటి వేస్తే రెండు గంటలు నిక్షేపంగా ఆడింది.

"కొత్తగూడెంల స్టూడియోకిస్తే వాళ్లే కాపీ చేసిస్తరు గదా అన్నా" అంది గ్రేస్. మా ఇంటి సాక్ష్యాన్ని ఎవరో కుర్చీలో కూర్చుని ముందుగా చూడటానికి నాకు మనసొప్పలేదు. డ్రైవ్ మార్చేస్తానన్నాను.

అక్కడి నుంచి నా అవస్థ మొదలైంది. గీతలున్నవాటినీ, బ్లూరేలనూ చదివే మంచి డ్రైవ్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మందం తక్కువది వచ్చింది. అరలో వదులుగా ఊగింది. వాపసు పంపడానికి కొత్తగూడెం వెళ్లాల్సి వచ్చింది, మా ఊరికి వాళ్లు రారట. పన్నెండు రోజులకు రెండోది వచ్చింది. ల్యాప్‌టాప్ అడుగున డ్రైవ్‌ని పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ. దాని తల అరిగిపోయి తిరగదు. రబ్బరు ముక్క అడ్డం పెట్టి తిప్పితే గంటకు వచ్చింది. పాత డ్రైవ్ లాగేశాను. దాని వెనకున్న రేకు ముక్కను, ముందున్న ప్లాస్టిక్ మూతను విప్పి కొత్తదానికి తగిలించాలి. మూత కొక్కెం ఒకటి విరిగింది. నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టడానికి ఇంకెవరూ లేరు.

శనివారం మధ్యాహ్నం అంతా బిగించి డిస్క్ వేశాను. మూత లేని పాత డ్రైవ్ అవతల మంచం మీద న్యూస్‌పేపర్‌లో ఉంది. దానికి వైరు లేదు, కరెంటు లేదు. గ్రేస్ పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

నలభై ఏడో నిమిషం. పెద్దయ్యగారు మైకు సవరించుకున్నారు. కొత్త డ్రైవ్ ట్రే తెరుచుకుంది. మంచం మీది పాత డ్రైవ్ ట్రే కూడా అదే క్షణంలో తెరుచుకుంది.

గ్రేస్ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. నేను లేచి పాతదాన్ని మూసి, మళ్లీ మొదలుపెట్టాను. రెండూ తెరుచుకున్నాయి. మూడోసారి పాతదాన్ని రేకు పెట్టెలో పెట్టి మూతేశాను. సమయానికి పెట్టెలోంచి టక్కుమని వినిపించింది.

ఇలాంటి డ్రైవ్‌లో ట్రేని తోసేది స్ప్రింగు, దాన్ని ఆపేది చిన్న కొక్కెం. కొక్కెం అరిగితే అదురుకు ఊడొచ్చు. ఆ మాటే గ్రేస్‌తో అన్నాను. అదురు ఎక్కడిది అని ఆమె అడగలేదు.

"తాతయ్య వద్దంటున్నడేమో అన్నా" అంది.

ఆదివారం పొద్దున కరెంటు పనికి వాడే నల్ల టేపు తెచ్చి, ట్రే మూసి, దాని మీద మూడు వరుసలు అంటించాను. ఇంట్లో ఒకసారి వేసి చూసుకుని వెళ్దామని గ్రేస్ బతిమాలింది. తాతగారి మాటను సరిచూసుకుని తీసుకెళ్లడం నాకు అవమానంగా తోచింది. నేరుగా వెళ్లాను.

ఆరాధన అయ్యాక, కొత్త చర్చి లేచేదాకా వేసుకున్న రేకుల షెడ్డులో పాతికమంది కూర్చున్నారు. ల్యాప్‌టాప్‌ను స్పీకరుకు కలిపాను. నలభై ఏడో నిమిషం దగ్గర లోపల టక్కుమంది. టేపు ఉబ్బింది. నేను బొటనవేలితో నొక్కి పట్టాను. లోపలి నుంచి తోపు వేలికి తెలిసింది. అది స్ప్రింగు బలం కాదు. వేలు నొప్పి పుట్టింది. గట్టిగా నొక్కాను.

పెద్దయ్యగారి మాట ఆగకుండా సాగింది.

"రాతి మీద పేరు పెద్దాయనది. కాగితం ఆయన తన పేరిట రాయించుకున్నారు. నేల మాత్రం కన్నమ్మది. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన చెలక ఇదొక్కటే. ప్రార్థనకు చోటు లేదంటే ఇచ్చేసింది. తన పేరు వద్దన్నది."

కెమెరా ముందు బెంచీ వైపు తిరిగింది. నాన్నగారు తలొంచుకుని కూర్చున్నారు.

నా వేలి కింద తోపు ఆగిపోయింది.

వెనక వరుసలోంచి జోగయ్య లేచాడు. మా చర్చి గంట కొట్టేది అతనే. కన్నమ్మ అతని నాయనమ్మ అని అప్పటిదాకా నాకు తెలియదు.

"మాకెరుకే సార్. గీ ముచ్చట బయట పెట్టొద్దని ముసల్ది సచ్చేముందు మాతోని ఒట్టు ఏయించుకున్నది. మీ ఇంటి ఇజ్జత్ పోతదని."

నేను నిలబడే ఉన్నాను. పాత రాయి పెట్టొద్దని, కొత్త రాతి మీద కన్నమ్మ పేరు చెక్కించమని చెప్పాను. జోగయ్య ఒప్పుకోలేదు, ఆమెకిచ్చిన మాట ఉందన్నాడు. దేవదానం నావైపు చూడకుండా స్పీకరు వైరు చుట్టాడు. ఇప్పుడు కొత్త చర్చి గుమ్మం పక్కన ఎవరి పేరూ లేదు.

సోమవారం టేపు పీకేసి డిస్క్ వేశాను. చివరిదాకా ఆడింది. పాత డ్రైవ్ మళ్లీ బిగించి చూశాను. అందులోనూ ఆడింది. ఆ తర్వాత ఇరవైసార్లు వేసి ఉంటాను, ఒక్కసారీ ఆగలేదు.

తాతయ్యే ఆపాడంటుంది గ్రేస్. పరువు కోసం ఆయన ఎంతకైనా తెగించేవారు, అందుకే నేనూ మొదట అలాగే అనుకున్నాను. జోగయ్య మాట విన్నాక ఆ నమ్మకం పోయింది. మా పరువు కాపాడాలని ఒట్టు వేయించుకున్న మనిషి ఇంకొకరున్నారు.

నాకు లెక్క తేలలేదు. లోపలి నుంచి నన్ను ఆపింది ఆ ఇద్దరిలో ఎవరో నేను చెప్పలేను. ఎవరైనా సరే, ఆరుసార్లు చెప్పిచూశారు. ఏడోసారి నేను వేలు పెట్టి నొక్కేశాను.