ఆసుపత్రి ఫోన్లక్క

ఆ ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. డాక్టర్ల దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె ఫోన్లక్కే. పెళ్లికి ముందే స్విచ్‌బోర్డు దగ్గర ఆపరేటరుగా చేరింది. బోర్డు పోయి ఇంటర్నెట్ ఫోన్లు వచ్చినప్పుడు తోటి ఆపరేటర్లు రిసెప్షన్‌లోనో, కౌంటర్లలోనో సర్దుకున్నారు. ఈమె మాత్రం "ఫోన్లెటుపోతే నేనూ అటే" అని భీష్మించుకుని కూర్చుంది. చంటిపిల్లను ఒళ్లో జోకొడుతూ ఆ కొత్త ఫోన్ల పాఠాలు చదివింది. పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది. ఇప్పుడు ఆ భవనంలోని ఫోన్లన్నిటి మంచిచెడ్డలూ ఆమెవే.

ఆమె తండ్రి టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. కూతురు చేసే పనేమిటో ఆయనకు ఏనాడూ అంతుపట్టలేదు. ఎక్కడానికి స్తంభం లేదు, పట్టుకోవడానికి తెగిన తీగ లేదు, ఇక రిపేరు దేనికని ఆయన అనుమానం.

ఆ రోజు మోకాళ్లు చూపించుకోవడానికి వచ్చి, తన వంతు వచ్చేదాకా కూతురి గదిలో కూర్చున్నాడు. ఇరుకు గది. గోడకు బిగించిన పెట్టెల్లో పచ్చ దీపాలు మినుకుమినుకుమంటున్నాయి. ఆయన కుర్చీలో సర్దుకున్నాడో లేదో, కాన్పుల వార్డు నర్సు పరుగున వచ్చింది.

"అక్కా, ఫోన్లు వస్తున్నాయి గానీ మేం చేస్తే బయటికి పోవట్లేదు. బ్లడ్ బ్యాంకుకి నా సెల్లు నుంచి చేశాను."

"మంచి పని చేశావు. నువ్వు పద, నేను చూస్తా."

బయటికి వెళ్లే కాల్స్‌ను ముందురోజే ఒక ప్రాక్సీ గుండా మళ్లించారు. ప్రతి ఫోనునూ నిలేసి, ఎవరని అడిగి, సరైన జవాబు చెబితేనే కాల్‌ను వదిలే కాపలాదారు అది. వార్డు ఫోను పాస్‌వర్డు తప్పిందేమోనని ఆమె మళ్లీ కొట్టింది. ఫలితం లేదు. ప్రాక్సీ పెట్టిన ఇంజినీరుకు ఫోన్ చేస్తే, "మా వైపు అంతా బానే ఉంది మేడం" అన్నాడు.

మేనేజరు హడావుడిగా వచ్చాడు. "పోనీ, ఆ అడగడమే తీసేస్తే?"

"తీసేస్తే దారినపోయే ప్రతివాడూ మన లైన్ మీద మాట్లాడుకుంటాడు సార్. కాసేపు ఓపిక పట్టండి. అందాకా ఎమర్జెన్సీ సెల్లులు వార్డులకి పంపించండి."

మేనేజరు సరేనని సెల్లులు పంపించడానికి వెళ్లాడు. కూతురి మాట అలా చెల్లడం చూసి తండ్రి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

ఆమె ప్రాక్సీ అడిగిన ప్రశ్ననూ, ఫోను ఇచ్చిన జవాబునూ తెరమీద పక్కపక్కన పెట్టుకుని అక్షరమక్షరం చూసింది. చూసి చూసి, ఒక్కసారి వెనక్కి వాలి నవ్వింది.

"దొరికింది నాన్నా!"

"ఎక్కడ తెగింది?"

"తెగలేదు. ఫోను పాస్‌వర్డును బయటపెట్టదు. అడిగినవాళ్ల పేరూ పాస్‌వర్డూ కలిపి లెక్క కట్టి, ఆ లెక్కే పంపుతుంది. ఇప్పుడు అడిగేది కొత్త ప్రాక్సీ. మన ఫోన్లేమో ఇంకా ఇదివరకు అడిగే పాత సర్వరు పేరుతోనే లెక్క కడుతున్నాయి."

"అయితే పాస్‌వర్డు తప్పు కాదూ?"

"కానే కాదు. పేరు తప్పు."

కాన్పుల వార్డు ఫోనులో ప్రాక్సీ పేరు సరిచేసి, నర్సును బ్లడ్ బ్యాంకుకు చేయమంది. కాసేపటికి నర్సు గొంతు ఈ గది ఫోన్లో వినిపించింది: "పోయిందక్కా! రక్తం బయల్దేరిందట!"

తక్కిన వార్డులన్నీ అలాగే చక్కబెట్టి, ఇంజినీరుకు చెప్పింది. "మొదట నేనూ పాస్‌వర్డే అనుకున్నానండీ" అని కూడా కలిపింది. "ఇంకోచోట కూడా ఇదే గొడవ మేడం, బతికించారు" అన్నాడతను.

తండ్రి కూతురి తలమీద చెయ్యి వేసి, కర్ర పట్టుకుని డాక్టరు గది ముందుకు వెళ్లి కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఉన్న ముసలాయన ముఖమైనా సరిగ్గా చూడకుండానే మొదలుపెట్టాడు.

"మా అమ్మాయి ఇక్కడే ఉద్యోగం. ఇందాక ఫోన్లన్నీ మూగబోతే తనే మాట్లాడించింది. తీగ తెగితే నేనూ కట్టేవాణ్ణనుకోండి. తెగకుండానే ఆగిపోయిందాన్ని పట్టుకోవడం, అదీ పనంటే!"

లోపలినుంచి ఆయన్ను రెండుసార్లు పిలిచారు. ఆయనకు వినబడలేదు. లెక్క ఎలా కడతారో ఆ ముసలాయనకు చేతులు తిప్పుతూ వివరిస్తున్నాడు.