హాస్టలుకి మంచాలు కొన్న సంగతి

చిన్నప్పుడు నేను రాయడం నేర్చుకోలేకపోడానికి కొబ్బరి పీచు కారణం. మా అమ్మ తాడు పేనేది. పీచు ఒళ్ళో పెట్టుకుని, పురి వదులుతూ వెనక్కి వెనక్కి నడిచేది. ఆవిడ అలా నడవాలంటే ఇటు చివర ఎవరో ఒకరు కూర్చుని రాట్నం తిప్పాలి. ఆ తిప్పేదాన్ని నేను. నేను బడికెళ్తే ఆ పూట తాడు లేదు. చదువుకోవద్దని నన్నెవరూ అనలేదు. బడి గంట వినపడుతూ ఉండేది, రాట్నం తిరుగుతూ ఉండేది.

తర్వాత పెళ్ళి, పిల్లలు, ఆ తర్వాత కువైట్‌లో ఇంటిపని. అక్కడి అరబ్బీ బోర్డులూ మా రాజోలు సెంటర్లో తెలుగు బోర్డులూ నాకు ఒకలాగే కనపడేవి. మోకాళ్ళు మొరాయించేక ఇంటికొచ్చేశాను. మా డ్వాక్రా సంఘం వాళ్ళు మధ్యాహ్నం పూట కమ్యూనిటీ హాల్లో అక్షరాలు చెప్పిస్తుంటే వెళ్ళి కూర్చున్నాను. నా అంతట నేను మొదట చదివింది బస్సు మీద "రాజోలు" అన్న మాట. ఆ రోజు బస్సు ఎక్కాల్సిన పని లేకపోయినా ఎక్కేను.

చదవడం వచ్చిందని తెలిసేక సంఘంవాళ్ళు నన్ను ఆడపిల్లల హాస్టలు కొనుగోలు కమిటీలో వేశారు. హాస్టలుకి ఏం కొన్నా ఊరి ఆడవాళ్ళు కూడా చూసి సంతకం పెట్టాలని కొత్త పద్ధతి వచ్చిందట. వార్డెను చిన్న వయసు పిల్ల, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. నన్ను పిన్నిగారూ అని పిలిచేది.

ఆ హాస్టల్లో పిల్లలు నేల మీద చాపలేసుకుని పడుకునేవారు. మా వైపు వానాకాలంలో నేల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పొద్దున్న చాప ఎత్తితే కింద గచ్చు చెమటలు పట్టి ఉండేది. తెల్లారేసరికి సగంమంది దగ్గుతుండేవారు. మంచాలకి డబ్బు లేదా అంటే ఉంది. ఏటా వచ్చేది, మార్చి దాటగానే వెనక్కి పోయేది. ఎందుకు కొనలేదమ్మా అని అడిగితే ఆ పిల్ల పాత సంగతి చెప్పింది. అంతకుముందున్న వార్డెను పిల్లల అవసరం చూసి ఏవో సామాన్లు కొందట. దొంగతనం ఏమీ లేదు, కాగితాలు సరిగ్గా లేవు. ఆవిడ ఇప్పటికీ విచారణలకి తిరుగుతూనే ఉంది.

"కొంటే నన్ను అడిగేవాళ్ళు బోలెడుమంది పిన్నిగారూ. కొనకపోతే ఎవరూ అడగరు," అంది.

ఆ మాట విని నాకు కోపం రాలేదు. ఆ పిల్ల మీద జాలేసింది.

అప్పుడే అమలాపురంలో శిక్షణ పెట్టేరు. హాస్టలు వార్డెన్లు, ఆసుపత్రి నర్సులు, పంచాయతీ సెక్రటరీలు, సంఘాల నుంచి మాలాంటివాళ్ళం. సర్కారు డబ్బుతో సామాను ఎలా కొనాలో నేర్పుతారట. జీవితమంతా సంతలో బేరాలాడినదాన్ని, నాకు కొత్తగా నేర్పేదేముంటుంది అనుకుంటూ వెళ్ళేను. నేర్పించే ఆవిడ తానే కొట్టువాడినన్నట్టు బల్ల వెనక నిలబడి, నన్ను బకెట్లు కొనమంది. నేను బాగానే బేరమాడేను. చివర్లో అలవాటు కొద్దీ ఒక చెంబు కొసరు అడిగేను.

"బకెట్లు సర్కారువి. మరి ఆ చెంబు ఎవరింటికి వెళ్తుందండీ?" అంది ఆవిడ. హాలంతా నవ్వేరు. నేనూ నవ్వేను. కానీ ఆ ప్రశ్న ఇంటిదాకా నాతో వచ్చింది.

అమ్మేవాళ్ళలో మీకు చుట్టాలుంటే ముందే చెప్పి పక్కకి తప్పుకోవాలి అని కూడా చెప్పిందావిడ. ఎవరికైనా ఉన్నారా అంటే అందరం ఉన్నారని చేతులు పైకెత్తేం. బట్టల కొట్టాయన బావగారు, సిమెంటు కొట్టాయన అన్నయ్యగారు, గిన్నెల కొట్టావిడ వదినగారు. పాపం ఆవిడకి, మాకు రక్తసంబంధం ఎవరితో ఉందో, నోటి మర్యాద ఎవరితో ఉందో విడదీయడానికే ఆ పూట సరిపోయింది.

అక్కడ నేర్పినవి చెప్పుకుంటే చిన్నవే. ఏ కొట్టులో కొనాలా అని ముందు ఆలోచించకూడదు. మనకేం కావాలో, అది ఎలా ఉండాలో ముందు రాసుకోవాలి. ఒక్కరినే అడగకూడదు. వచ్చిన సామాను తెచ్చినవాళ్ళ ఎదుటే విప్పి, రాసుకున్నదానితో పోల్చి చూసుకోవాలి. ఎక్కడ చిక్కొచ్చినా ఫోను చెయ్యండని అమలాపురం ఆఫీసులో ఒక నంబరిచ్చేరు. నాతో వచ్చిన మా వార్డెను ఆ నంబరు రాసుకొచ్చి, దాన్ని హాస్టల్లో గోడ మీద క్యాలెండరు పక్కనే అంటించుకుంది. తోడు దొరికినట్టుంది ఆ పిల్లకి.

మంచాలు ఎలా ఉండాలో రాయడానికి ఇద్దరం కూర్చున్నాం. గది చిన్నది కాబట్టి మంచం మీద మంచం ఉండేవి కావాలి. నేను కువైట్‌లో అలాంటి పై మంచం మీదే పడుకునేదాన్ని. అటు ఒత్తిగిలితే గోడ, ఇటు ఒత్తిగిలితే ఏమీ లేదు. నిద్రలో కూడా ఒళ్ళు బిగబట్టుకుని పడుకోవడం నాకు అక్కడే అలవాటయ్యింది. అందుకని ఆ మాట నేనే రాస్తానన్నాను. "పై మంచానికి రెండు వైపులా పిల్లలు పడిపోకుండా ఇనప కమ్మీ ఉండవలెను." నెమ్మదిగా, వంకరటింకరగా రాసేను. సర్కారు కాగితం మీద నేను రాసిన మొదటి వాక్యం అది. వార్డెను దాన్ని ఒక్క ముక్క మార్చకుండా టైపు చేయించింది.

ఆ కాగితం కొన్ని కొట్లకి ఇచ్చి, ధర రాసి పంపమన్నాం; వాళ్ళు పంపిన కవర్లు విప్పితే అందరికంటే రాజోల్లో ఇనప సామాన్ల కొట్టాయన ధర తక్కువుంది. నేను బాబాయిగారూ అంటాను గానీ మాకు చుట్టరికం లేదు. ఊళ్ళో సగంమందికి ఆయన బాబాయిగారే. చాలా పెద్దమనిషి. కొట్టుకి ఆడవాళ్ళు వస్తే కుర్చీలోంచి లేచి నిలబడతారు. బేరం కుదిరినా కుదరకపోయినా కొబ్బరి బొండం తాగించి పంపుతారు.

మంచాలు వ్యానులో వచ్చిన రోజు ఆయనే స్వయంగా వచ్చేరు. విడివిడి ముక్కలుగా, అట్టలు చుట్టి, ప్లాస్టిక్కు కాగితం కట్టి ఉన్నాయి. కుర్రాళ్ళు దింపి వరండాలో పేర్చేరు. బిగించడానికి మర్నాడు మనుషుల్ని పంపుతానన్నారు. మేం ఆయనకి కుర్చీ వేశాం. వార్డెను కాఫీ తెచ్చింది. ఇక్కడే జరిగింది తప్పంతా. శిక్షణలో చెప్పింది మా ఇద్దరికీ గుర్తుంది. ఆ పిల్ల నా వైపు చూసింది, నేను ఆ పిల్ల వైపు చూశాను. ఆయన కాఫీ తాగుతుంటే, ఎదురుగా అట్టలు చింపి లోపల ఏం పెట్టేరో అని వెతకడమా? మా వైపు పుట్టింటి నుంచి సారె వచ్చినా తెచ్చినవాళ్ళు వెళ్ళేకే విప్పుతాం. ఎదుట విప్పితే నమ్మలేదని కదా అర్థం. ఇద్దరం సంతకాలు పెట్టేశాం. "ఆయ్, ఉంటానమ్మా," అని ఆయన దణ్ణం పెట్టి వెళ్ళేరు.

సాయంత్రం బడి నుంచొచ్చిన పిల్లలు ఆగలేకపోయేరు. వాచ్‌మన్ దగ్గర పానా తీసుకుని అందరూ కలిసి ఒక మంచం నిలబెట్టేరు. పై మంచం నాదంటే నాదని కొట్టుకున్నారు. అందరికంటే చిన్నది చకచకా ఎక్కేసి, పైన పడుకుని, కిందవాళ్ళని వెక్కిరించడానికి ఇటు తిరిగింది. వార్డెను ఒక్క అంగలో వెళ్ళి దాని కాలు పట్టుకుంది. లేకపోతే గచ్చు మీద పడేది.

కమ్మీలు లేవు. వేరే కట్టలో ఉన్నాయేమోనని అన్ని అట్టలూ విప్పేం. ఎక్కడా లేవు. బిగించడానికి బెజ్జాలు కూడా లేవు. అంటే చేసినవాడు వాటి సంగతే అనుకోలేదన్న మాట.

వార్డెను మెట్ల మీద కూలబడింది. "అయిపోయింది పిన్నిగారూ. సంతకం పెట్టేశాను. ఇంక నేనూ పాత వార్డెనుగారిలాగే విచారణలకి తిరగాలి." పోనీ, ఎవరికీ చెప్పకుండా తన జీతంలోంచే వెల్డింగువాణ్ణి పెట్టి కమ్మీలు వేయించేస్తానంది. నేను గోడ మీద నంబరు చూపించేను. చెయ్యనంది. మన తప్పు మనమే చెప్పుకున్నట్టు అవుతుందంది. చివరికి నేనే కలిపి, ఫోను ఆ పిల్ల చెవి దగ్గర పెట్టేను.

అవతల ఆఫీసులో మాట్లాడినావిడ తిట్టలేదు. ఏం జరిగిందో మొత్తం విని, ఒకటే అడిగింది. "మీరు సంతకం పెట్టింది సామాను చేరిందనా, చూసి తీసుకున్నామనా?"

వార్డెను కాగితం తెచ్చి చూసింది. చేరిందనే ఉంది. చూసి తీసుకున్నామని రాసే కాగితం వేరే ఉంది, దాని మీద ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదు. అయితే ఏమీ మునిగిపోలేదు, ఆయన్ని పిలిచి ఆయన ఎదుట చూడండి, ఏం లేదో రాసివ్వండి, అంది ఆవిడ. సొంత డబ్బు మాత్రం పెట్టొద్దంది. మీరు చాటుగా బాగు చేయిస్తే రేపు ఆ మంచం విరిగినా మీదే పూచీ అవుతుందంది. అందరికీ మొదట్లో ఇలాగే అవుతుంది, మళ్ళీ ఫోను చెయ్యండి అని కూడా అంది.

వార్డెను ముఖం తేటపడింది, మళ్ళీ వాడిపోయింది. "ఆయనతో ఎవరు చెప్తారు పిన్నిగారూ? మా నాన్నగారి కంటే పెద్దాయన."

నేను చెప్తానన్నాను. అన్నానే గానీ ఇంటికెళ్ళేదాకా ఎలా మొదలెట్టాలో తెలియలేదు. ఏ మాట అనుకున్నా నిందవేసినట్టే వినపడింది.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి రాజోలు వెళ్ళేను. ఆయన అప్పుడే షట్టరు ఎత్తించి, దేవుడి పటానికి అగరొత్తులు తిప్పుతున్నారు. నన్ను చూసి కుర్చీ చూపించి, బొండం కొట్టమని కేకేశారు.

"బొండం తర్వాతండీ బాబాయిగారూ. ఒకసారి హాస్టలుకి రావాలి. మంచం ఎక్కి చూపిస్తాను," అన్నాను.

ఆయనకి ఏమీ అర్థం కాలేదు, కానీ కాదనలేదు. వ్యానులో నన్ను ముందు కూర్చోబెట్టుకుని బయల్దేరేరు. పిల్లలింకా బడికి వెళ్ళలేదు. వార్డెను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కాస్త ఆగమ్మా అని సైగ చేసి, నేను తిన్నగా వరండాలోకి నడిచేను.

కొంగు నడుముకి బిగించి పై మంచం ఎక్కడం మొదలెట్టేను. మోకాళ్ళు ఎక్కనివ్వలేదు. పిల్లలు వెనక నుంచి తోశారు. ఒకటే నవ్వులు. ఎక్కేక, కువైట్‌లో పడుకున్నట్టే వెల్లకిలా పడుకున్నాను. తర్వాత ఆయన నిలబడ్డ వైపుకి ఒత్తిగిలేను.

ఆయన రెండు చేతులూ చాపేశారు, పసిపిల్లని పట్టుకోడానికి చాపినట్టు. "అమ్మా, దిగండమ్మా, పడతారు."

నేను దిగలేదు. బొడ్లో దోపుకున్న కాగితం తీసి, నేను రాసిన వాక్యాన్ని కూడబలుక్కుంటూ చదివేను. నా చదువు మెల్లగా సాగుతుంది. చదవడం అయ్యేదాకా ఆయన ఆ చేతులు దించలేదు.

తర్వాత కమ్మీకి బెజ్జాలున్నాయేమోనని మంచం అంచుని వేలితో చివరి దాకా తడిమి చూసుకున్నారు. కుర్చీలో కూర్చున్నారు. "రావులపాలెంలో మా వియ్యంకుడిగారి షెడ్డులో చేయించేనమ్మా. కాగితం ఇచ్చేను. మంచాలు కట్టి సిద్ధంగా పెట్టేరు. అక్కడ నిలబడి కట్టలు విప్పి చూడమంటారా? వియ్యంకుడి దగ్గర?"

నవ్వు ఆపుకోలేకపోయేను. వార్డెను కూడా నవ్వేసింది. నిన్నటి నుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

ఆయన కుర్రాణ్ణి పిలిచి మంచాలన్నీ మళ్ళీ వ్యానెక్కించమన్నారు. కమ్మీలు లేకుండా ఒక్కటీ ఇక్కడ దిగదన్నారు. తర్వాత వార్డెను వైపు తిరిగేరు.

"ఏం తక్కువైందో కాగితం మీద రాయండమ్మా. గట్టిగా రాయండి. నాకో కాపీ ఇవ్వండి, వియ్యంకుడిగారి చేతిలో పెడతాను. నోటితో నేను చెప్పలేను."

వార్డెను రాసింది. కమ్మీలు లేవనీ, బెజ్జాలు కూడా లేవనీ. నేను మంచం దిగి, ఆ కాగితం మొదటి నుంచి చివరి దాకా చదువుకుని, కింద సంతకం పెట్టేను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, చల్లారిపోయిన ఆ కాఫీ పారబోసి, ఆయనకి వేడిగా వేరేది కలిపి తెచ్చి ఇచ్చేను.