డెబ్బై శాతం తగ్గింపు, ఎనిమిది రోజుల పరేషాన్

ఆ రోజుల్లో నాకు వస్తువు కొనడం చేతకాదు గానీ, కొనాలా వద్దా అని ఆలోచించడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం ఇంకా దొరకలేదు. చేతిలో ఫోను ఉంది, ఫోనులో లోకంలోని రివ్యూలన్నీ ఉన్నాయి, కాబట్టి మోసపోవడం అనేది మాలాంటి చదువుకున్నవాళ్లకు జరిగే పని కాదని నా గట్టి నమ్మకం. చెప్పుల జత కొనాలన్నా ఓ రెండు వందలమంది అభిప్రాయం చదివేదాన్ని. (ఆ చెప్పులు చివరికి నాకు పట్టలేదు. అందరి మాటా విన్నాను గానీ నా పాదం కొలుచుకోలేదు.) కుదురుగా కూర్చుని అన్నం తిన్న గుర్తు లేదు. ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో ఫోను. మా అమ్మ అయితే "దీనికి కాళ్లల్ల స్ప్రింగులున్నయ్, చేతుల్ల జిగురున్నది" అని వచ్చినోళ్లందరికీ చెప్పేది.

మాది వరంగల్‌లో నేతపని ఇల్లు. బాపు జంపఖానాలు నేస్తాడు. నేయడం ఒక్కటే కాదు, డిజైన్లు కూడా ఆయనే గీస్తాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడి నింపుకుంటూ, చెవి వెనక రెండు రంగు పెన్సిళ్లు పెట్టుకుని. మా వాడకట్టులో ఎవరికి కొత్త అంచు కావాలన్నా బాపు దగ్గరికే వచ్చేవాళ్లు. అట్లా గీసిన కాగితాలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. దాని అడుగున చెదలు పడితే, నేను రెండు నెలలు కూర్చుని నూట పన్నెండు డిజైన్లు కంప్యూటర్లోకి ఎక్కించాను. ఇంటికి అంతకన్నా గొప్ప సేవ ఎవరూ చేయలేదన్నట్టు తిరిగాను కూడా. ఎక్కించడం అయిపోయినరోజు, "ఇగ కాగితాలతోటి పనేముంది బాపూ, అన్నీ కంప్యూటర్ల పదిలంగ ఉన్నయ్" అని ఆ చెదపట్టిన బొత్తులన్నీ నేనే నీళ్లపొయ్యిలో వేయించాను. బాపు ఆ రోజు స్నానానికి మాత్రం వెళ్లలేదు.

ఆ కంప్యూటర్ సంగతి చెప్పాలి. అది మూడోచేతి కంప్యూటర్. బటన్ నొక్కి, అమ్మ పొయ్యి మీద బియ్యం పెడితే, అన్నం వార్చే సమయానికి తెర వెలిగేది. అదొక్కటే అయితే ఓర్చుకునేవాళ్లం గానీ, లోపలి డిస్కు ఈ మధ్య టిక్కు టిక్కుమని చప్పుడు మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. ఎస్సెస్డీ. లోపల తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్కు, వేస్తే కంప్యూటర్ రెప్పపాటులో లేస్తుందట. డెబ్బై శాతం తగ్గింపు. పక్కన ఎర్రగా ఒక గడియారం వెనక్కి నడుస్తోంది. దాని కింద "మిగిలినవి రెండే".

ఇంకొకరైతే కొనేవాళ్లు, లేకపోతే ఫోను పక్కన పెట్టేవాళ్లు. నేను రెండువందల పేజీల నోటుబుక్కు తెరిచాను. మొదటిరోజే ఒక ఘనమైన విషయం కనిపెట్టాను. ఆ డెబ్బై శాతం ఏ ధర మీద తగ్గించారో ఆ ధరకు ఆ వస్తువును పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ కొనలేదు. మూడు నెలలుగా అది ఇదే రేటుకు అమ్ముడుపోతోంది. రెండోరోజు, మొదట్లో కొన్నవాళ్లు మెచ్చుకున్న సరుకు వేరనీ, అదే పేరుతో ఇప్పుడు వచ్చే డబ్బాలో లోపలి చిప్పులు వేరనీ ఎవరో రాశారు. మూడోరోజు, సగం నిండేదాకా గుర్రంలా పరిగెత్తి ఆ తర్వాత కుంటుతుందని ఇంకెవరో రాశారు. వారంటీ పైన పెద్ద అక్షరాల్లో ఐదేళ్లు, కింద చీమతలకాయంత అక్షరాల్లో మూడేళ్లు. ఇవన్నీ కనిపెట్టినకొద్దీ వద్దనిపించేది. వద్దనుకున్నాక ఆ ఎర్ర గడియారం చూస్తే కాళ్లు నిలిచేవి కావు. అది సున్నాకు చేరగానే మళ్లీ ఇరవై నాలుగు గంటల నుంచి మొదలయ్యేది. రెండే మిగిలినవి రెండుగానే ఉండేవి. అది మోసమని తెలుసు. తెలిసి కూడా పది నిమిషాలకోసారి చూసేదాన్ని.

ఇవన్నీ మగ్గం దగ్గర నిలబడి బాపుకు చెప్పాను. ఆయన చేయి ఆపకుండా విని, "అంటే పైన నాలుగు చుట్లు మంచి నూలు, లోపట పుచ్చు నూలన్నట్టు" అన్నాడు. నేను మూడు రోజులు చదివింది ఆయన ఒక్క మాటలో చెప్పేసరికి నాకు కొంచెం కోపమే వచ్చింది. మరి కొనాలా వద్దా అని అడిగాను. నూలైతే తెంపి చూసి చెప్తాను గానీ దీన్ని ఎట్లా తెంపుతారో తనకు తెలియదనీ, సుబేదారిలో దుకాణం ఉన్న చాచాను అడగమనీ అన్నాడు.

చాచా అంటే మా చిన్నప్పటి నుంచి రేడియోలు, ఆ తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన. ఒకప్పుడు మా వాడకట్టులోనే ఉండేవాడు, బాపుకు దోస్తు. నాలుగోరోజు నోటుబుక్కు పట్టుకుని ఆయన దుకాణానికి వెళ్లాను. (సలహా అడగడానికి కాదు. ఆయనకు ఎంత తెలుసో పరీక్షించడానికి.) ఆయన భూతద్దం నుదుటి మీదికి నెట్టి, నా నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చివరిదాకా ఓపికగా తిప్పాడు. నా గీతలు, పట్టికలు, ఎర్ర సిరా, పచ్చ సిరా అన్నీ చూశాడు. చూసి ఒక్కటే అడిగాడు.

"బేటా, మీ బాపు డిజైన్లు ఆ పాత డిస్కుల గాక ఇంకో దగ్గర ఉన్నయా?"

లేవన్నాను. అయితే ముందు ఇవాళే వాటిని ఇంకో దాంట్లోకి ఎక్కించి పెట్టమన్నాడు, కొత్తది ఏది కొనాలో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చన్నాడు. నా మనసు వెంటనే కిటుకు పట్టేసింది. ఈయన నాకు పెన్‌డ్రైవ్ అమ్మాలని చూస్తున్నాడు. నోటుబుక్కు మూసుకుని, ఆలోచిస్తానని చెప్పి, దుకాణదారు వలలో పడలేదన్న సంతోషంతో బస్సెక్కాను.

ఎనిమిదోరోజు ఆదివారం. అమ్మ మొక్కు ఉందని ముగ్గురం పాలకుర్తి గుట్టకు వెళ్లాం. దారి పొడుగునా ఫోను చూస్తూనే ఉన్నాను. గుట్ట ఎక్కుతుండగా ఉన్నట్టుండి రేటు ఇంకో వెయ్యి తగ్గింది. మిగిలినవి రెండు కాదు, ఒకటి! ఎనిమిది రోజుల్లో మొదటిసారి ఆ అంకె కదిలింది. నోటుబుక్కు, చిప్పులు, చీమతలకాయ అక్షరాలు అన్నీ మరిచిపోయి కొనే బటన్ నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది, సిగ్నల్ పోయింది. వరసలోంచి బయటికొచ్చి పక్కనున్న ఒక బండ ఎక్కి, ఫోను నెత్తి మీదికి ఎత్తితే ఒక గీత వచ్చింది. నొక్కాను. మళ్లీ పోయింది. మునివేళ్ల మీద నిలబడి చేయి ఇంకా పైకి చాపి మూడోసారి నొక్కాను. అట్లా ఎంతసేపు నిలబడ్డానో గానీ, కిందికి చూసేసరికి నా చుట్టూ పదిమంది పోగయ్యారు. పైన ఏదో కనిపిస్తోందనుకున్నారు కాబోలు, అందరూ నా ఫోను వైపే తలలెత్తి చూస్తున్నారు. ఒక ముసలమ్మ చేతులు కూడా జోడించింది. "ఏం కనబడుతాంది బిడ్డా?" అని అడిగింది. ఏం చెప్పను? ఏం లేదవ్వా, సిగ్నల్ అన్నాను. ఆమె పక్కావిడతో "సిగ్నలట" అని భక్తిగా చెప్పి, ఇంకోసారి మొక్కింది. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుని, నేనెవరో తెలియనట్టు ముందుకు నడిచిపోయింది.

గుట్ట దిగి రోడ్డు మీదికి వచ్చాక ఫోను టింగుమంది. తర్వాత ఇంకోసారి. తర్వాత మరోసారి. ఒక్కటి కొనాలా వద్దా అని ఎనిమిది రోజులు ఆలోచించినదాన్ని, మూడు కొనేశాను. (ఒక్కటే మిగిలిన వస్తువును మూడుసార్లు ఎట్లా అమ్మారన్నది ఈ రోజుకూ నాకు అంతుపట్టలేదు.) ఇంటికొచ్చేదాకా బస్సులో కొత్త ఆలోచన. ఏ రెండింటిని వాపసు చేయాలి? నోటుబుక్కులో ఇంకో పట్టిక గీయాలనుకున్నాను.

గీయాల్సిన అవసరం రాలేదు. తెల్లారి పొద్దున బటన్ నొక్కితే టిక్కు, టిక్కు, తర్వాత కడుపులో తిప్పినట్టు ఒక మూలుగు, అంతే. అన్నం వార్చడం అయింది, తినడం అయింది, తెర నల్లగానే ఉంది. పాత కాగితాల బొత్తు ఒక్కటైనా మిగిలిందేమోనని పరుగెత్తి ట్రంకుపెట్టె తెరిచాను. అందులో అమ్మ మడతపెట్టిన చలికాలం దుప్పట్లు ఉన్నాయి.

బాపుకు చెప్పకుండా డిస్కు విప్పుకుని చాచా దగ్గరికి వెళ్లాను. నేనేమీ చెప్పకముందే ఆయనకు నా ముఖం చూసి అర్థమైంది. 'చెప్పానా' అనలేదు. అని ఉంటే బాగుండేది, నేను తిరిగి ఏదో ఒకటి అని తేలికపడేదాన్ని. డిస్కు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, డాక్టరు రోగి ఛాతీ విన్నట్టు. తగిలించి చూశాక, ఇది చల్లగా ఉన్నప్పుడు కాసేపు చదువుతుందనీ, వేడెక్కితే పడుకుంటుందనీ, అది లేచినప్పుడల్లా కొంచెం కొంచెం లాగాలనీ, ఎంత వస్తుందో దేవుడికే తెలుసనీ చెప్పాడు.

రెండు రోజులు ఆయన దుకాణంలో స్టూలు మీద కూర్చున్నాను. కూర్చున్నాను అనడం అబద్ధం. లేచాను, తిరిగాను, టేబుల్ మీదికి వంగాను, ఎన్ని వచ్చాయి చాచా అని గంటకు పదిసార్లు అడిగాను. పన్నెండోసారో పదమూడోసారో ఆయన ఒక రేకు డబ్బా నా ఒళ్లో పెట్టాడు. దాన్నిండా రకరకాల స్క్రూలు. "ఫికర్ చేస్తే డిస్కు లేవదు బేటా. జర ఇవి సైజులవారీగ ఏరిపెట్టు" అన్నాడు. ఆ రెండు రోజులూ తల దించుకుని ఏరాను. (నేను రాకముందు అవి ఆరు డబ్బాల్లో వేరువేరుగానే ఉండేవట. నన్ను కూర్చోబెట్టడానికి ఆయనే అన్నీ ఒకదాంట్లో గుమ్మరించాడని చాలా రోజుల తర్వాత తెలిసింది.)

రెండోరోజు మధ్యాహ్నం మూడు ఎస్సెస్డీలూ ఇంటికి వస్తే, అమ్మను అడిగి తెప్పించుకుని చాచా ముందు పెట్టాను. ఆయన రివ్యూలు చదవలేదు. ఒకదాన్ని తగిలించి, అంచుదాకా ఫైళ్లతో నింపి, నింపిందంతా తిరిగి చదివించి చూశాడు. చెప్పినంత చోటు నిజంగా ఉందా, పెట్టింది పెట్టినట్టు తిరిగి ఇస్తుందా, అంతే. సగం దాటాక నెమ్మదించిన మాట నిజమే. "గొప్పది గాదు, మోసంది గాదు. నీ పనికి చాలు" అన్నాడు. నా నోటుబుక్కు అట్ట మీద రాసుకోవాల్సిన మాట. పాత డిస్కు నుంచి బయటపడినవి ఒకదాంట్లోకి ఎక్కించి, వాటినే మళ్లీ రెండోదాంట్లోకి ఎక్కించి, అది ఇంకో ఇంట్లో దాచమన్నాడు. మూడోది వాపసు పంపబోతే, తనకే కావాలని డబ్బిచ్చి ఉంచుకున్నాడు.

బయటపడినవి ఎనభై తొమ్మిది. పోయినవి ఇరవై మూడు.

బాపు మగ్గం మీద ఉన్నాడు. పోయినవాటి పేర్లు కాగితం మీద రాసుకుని పోయి ఎదురుగా నిలబడ్డాను. చెప్పాను. మగ్గం ఆగింది. చదవమన్నాడు. ఒక్కొక్కటే చదువుతుంటే వింటున్నాడు. ఏడోదో ఎనిమిదోదో నెమలి.

"నెమలి పోయిందా? పోతే పోనీ. అది ఎన్నడు నెమలి లెక్క లేకుండె, కోడి లెక్కనే ఉండె."

ఏడుపు మధ్యలో నవ్వొచ్చి నాకు ఎక్కిళ్లు పట్టాయి. కానీ పదహారో పేరు చదివేసరికి ఆయన ముందుకు వంగి తెగిన దారం ఒకటి అందుకున్నాడు. అది మా తాత గీసిన అంచు. బాపు పెళ్లప్పుడు పరిచిన జంపఖానాకు తాత తన చేత్తో గీసిందట, ఆ జంపఖానా చినిగిపోకముందే బాపు దాన్ని గళ్ల కాగితం మీదికి ఎక్కించి పెట్టుకున్నాడు. ఆ కాగితాన్నీ నీళ్లపొయ్యిలో వేయించింది నేనే. కోప్పడమని అడిగినంత పనిచేశాను. ఆయన దారం ముడి వేసుకుంటూ, "కాగితం తెచ్చుకో. నేను చెప్తా, నువ్వు నింపు" అన్నాడు.

అట్లా నెలన్నర, రోజూ పొద్దున మగ్గం ఎక్కేముందు ఒక గంట, ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన కళ్లు మూసుకుని గళ్లు చెప్పేవాడు, నేను నింపేదాన్ని. మధ్యమధ్యలో ఆ డిజైన్ ఎవరికోసం గీశాడో, ఆ సంవత్సరం రంగులు ఎందుకు దొరకలేదో, తాత ఏ విషయానికి తిట్టేవాడో చెప్పేవాడు. అంతకుముందు మా బాపు నాతో ఒక్క గంట వరసగా మాట్లాడిన గుర్తు లేదు. తాత అంచు నాలుగుసార్లు గీశాం. నాలుగోసారి కూడా ఆయన చాలాసేపు చూసి, "గిట్ల లేకుండె. ఉండనీ, ఇది గూడ మంచిగనే ఉన్నది" అన్నాడు. అట్లాగే ఉంది, రెండు ఎస్సెస్డీల్లోనూ, ఒక కాగితం మీద కూడా.

ఇప్పుడు నాకు ఉద్యోగముంది. ఏం కొనాలన్నా రెండు నిమిషాల్లో కొనేస్తాను, సరిగ్గా లేకపోతే మూలన పడేస్తాను. ఆ రోజులు తలుచుకున్నప్పుడు మాత్రం ఒకటి గుర్తొచ్చి నవ్వాగదు. బాపు కళ్లు మూసుకుని తన నలభై ఏళ్ల పనిని గడిగడిగా నాకు అప్పజెబుతున్నాడా, ఎదురుగా కూర్చున్న ఆ పిల్ల, గళ్ల కాగితం చాటున ఫోను పెట్టుకుని, తాను కొన్నాక ఆ ఎస్సెస్డీ రేటు ఇంకా ఏమైనా తగ్గిందేమోనని చూస్తుండేది. ఒకరోజు అది మూడు వందలు పెరిగింది. పెరిగింది బాపూ అని ర్యాంకు వచ్చినంత సంబరంగా చెప్పాను. బాపు కళ్లు తెరవకుండానే "మంచిది బిడ్డా" అన్నాడు, అని, "ఇగ ఎర్రది నాలుగు గళ్లు పెట్టు" అన్నాడు. నేను ఐదు పెట్టాను.