క్లచ్ ఎంతసేపు నొక్కాలి?

మా బాబాయి ఎవరినో ఒకరిని అడగందే ఏ పనీ చేయడు. తెలియక కాదు, అదొక అలవాటు. వాన పడుతుంటే గొడుగు చేత్తో పట్టుకుని, విప్పాలా వద్దా అని దారినపోయేవాళ్ళను అడిగి, వాళ్ళు ఏదో ఒకటి చెప్పేలోపు నిలువునా తడిసి ఇంటికొచ్చేవాడు. భోజనాల వేళ వంటింటి గుమ్మంలో నిలబడి, తనకు ఆకలి వేస్తోందో లేదో పిన్నిని అడిగేవాడు. "వేస్తోంది, కూర్చోండి" అని పిన్ని తల ఎత్తకుండానే చెప్పేది. పెళ్ళయిన కొత్తలో విసుక్కునేదట.

ఆయన ఉద్యోగం మందుల షాపులో. తలనొప్పి మాత్ర కావాలని ఎవరైనా వస్తే, తలలో ఎక్కడ అని అడిగేవాడు. ముందువైపు అంటే, ముందు నుంచీ ముందువైపేనా అనేవాడు. కొందరు మాత్ర కొనకుండానే, నొప్పి తగ్గిందని చెప్పి బయటపడేవారు.

అలాంటి మనిషికి డ్రిల్లు టీచరుగారు తన కారు అప్పజెప్పింది. ఆవిడది మా ఎదురిల్లు. చిన్నప్పుడు బాబాయి చేత బడి మైదానం చుట్టూ పరుగులు తీయించింది ఆవిడే. రిటైరైన ఒంటరి మనిషి, తన కారు తనే నడుపుకుంటూ తోచిన ఊరికల్లా వెళ్ళిరావడం ఒక్కటే సరదా. మెట్ల మీద జారిపడి ఎడమ తొడ ఎముక విరగ్గొట్టుకుంది. అంటే క్లచ్ నొక్కాల్సిన కాలు. ఆపరేషనయ్యాక పొరుగూళ్ళో చెల్లెలింటికి వెళుతూ, కారును మా షెడ్డులో పెట్టించి తాళం బాబాయి చేతిలో పెట్టింది.

ఎముక అతుక్కుంది. మనిషే లేవలేదు. వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకుని, పలకరిస్తే పలకడం కూడా మానేసింది. ఇప్పుడు నడవకపోతే ఇక ఎప్పటికీ నడవలేదని డాక్టరు చెప్పాడు. కారు అమ్మేయమని చెప్పిందంటూ చెల్లెలు ఫోను చేసింది. ఇప్పుడే అమ్మాలా, ఎవరికి అమ్మాలి, రంగేమిటని అడిగితే ఏం చెప్పాలి అని బాబాయి మొదలుపెట్టేసరికి ఆవిడకు తల తిరిగింది. కారు టీచరుగారిది కాబట్టి ఆవిడే ఫోను దగ్గరికొచ్చి చెప్పాలన్నాడు.

ఆ ఇంట్లో ఫోను హాల్లో ఉంది. తీగ వెనక గది దాకా రాదు. తిట్టుకుంటూ, నడక స్టాండు పట్టుకుని ఈడ్చుకుంటూ టీచరుగారు వచ్చేసరికి చాలాసేపు పట్టింది. అమ్మే మాట ఆవిడ ఎత్తేలోపే బాబాయి అడిగాడు.

"బ్యాటరీ తీగ విప్పాలా, ఉంచాలా టీచర్?"

"విప్పెయ్యరా. ఉంచితే ఉత్తినే దిగిపోతుంది."

అంతే, ఇక రోజూ అదే వరస. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచాలా అని ఒక ఫోను. వద్దు, పట్టేస్తుంది, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టమని చెప్పి ఆవిడ మంచం చేరిందో లేదో, ఇటుకలు ముందు పెట్టాలా, వెనక పెట్టాలా అని ఇంకో ఫోను. ఎలుకలు దూరకుండా పొగగొట్టంలో గుడ్డ కుక్కమంటే, పాత గుడ్డా, కొత్త గుడ్డా అని మరొకటి. చెల్లెలు తాను చెబుతానంటే ఒప్పుకునేవాడు కాదు. తన అక్క గొంతు మళ్ళీ మైదానంలోలాగా మోగుతోందని ఆవిడ పిన్నితో అంది. ఫిర్యాదు చేసిందో, సంతోషించిందో తెలియదు.

తర్వాత క్లచ్ వంతు వచ్చింది. కదలకుండా ఉన్న బండికి క్లచ్ పట్టేస్తుంది కాబట్టి అప్పుడప్పుడూ నొక్కుతూ ఉండాలని టీచరుగారే చెప్పింది. ఎంత లోతుకి నొక్కాలి, ఎంతసేపు పట్టి ఉంచాలి, వదలడం మెల్లగానా, ఒక్కసారిగానా? తనకు డ్రైవింగు రాదు కదా అన్నాడు. నోటితో చెప్పి లాభం లేక, ఆవిడ హాల్లో స్టూలు మీద కూర్చుని ఎడమ పాదం గోడకు తన్నిపెట్టి, నొక్కి చూసుకుని చెప్పేది. మర్నాడు బాబాయి మరిచిపోయేవాడు. ఆవిడ మళ్ళీ నొక్కేది. అక్కడ గోడకు సున్నం రాలిపోయిందని చెల్లెలు చెప్పింది.

ఒకరోజు, టైర్లలో గాలి కొంచెం ఎక్కువ కొట్టించాలా అని బాబాయి ఫోనులో అడుగుతుండగా నేను ఏదో పనిమీద షెడ్డులోకి వెళ్ళాను. టైర్లు రాయిలా ఉన్నాయి. బ్యాటరీ, ఇటుకలు, గుడ్డ, అన్నీ మొదటిరోజే సర్దేసినట్టు దుమ్ము పట్టి ఉన్నాయి. పిన్నితో చెప్పాను.

"ఆ పనులన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఆ క్లచ్ కూడా పొద్దున్నే నొక్కి వస్తారు. నువ్వెవరితోనూ అనకు" అంది పిన్ని.

"ఎలా నొక్కాలో ఆయనకెలా తెలుసు?"

"మెకానిక్కును అడిగారు."

కొన్నాళ్ళకు టీచరుగారు ఆటో దిగి, చేతికర్ర సాయంతో నడుచుకుంటూ వచ్చింది. సొంతింటి తాళం తీయకుండా నేరుగా మా షెడ్డులోకి వెళ్ళింది. బాబాయి చార్జి చేయించిన బ్యాటరీ బిగించి, ఇటుకలు తీశాడు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఆవిడ గేరు వేసి క్లచ్ వదిలింది. కాలు వణికింది, కారు ఎగిరిపడి ఆగిపోయింది. మళ్ళీ వదిలింది, మళ్ళీ ఆగింది. ఆవిడ స్టీరింగు మీంచి చేతులు తీసేసి తన ఎడమకాలి వైపు చూసుకుంది. నాకు భయమేసింది.

"అమ్మెయ్యరా" అంది మెల్లగా.

"తప్పు నాది టీచర్" అన్నాడు బాబాయి. "మీరు క్లచ్ నొక్కుతుండమన్నారు. బద్ధకించి మానేశాను. బిగుసుకుపోయినట్టుంది."

ఆవిడ తల తిప్పి చూసింది. "రోజూ నా ప్రాణం తీసి అడిగి, నొక్కలేదా?"

"లేదండీ."

ఆ తర్వాత బాబాయికి పడిన తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి. బడిలో ఉన్నప్పుడూ ఇంతే, పరుగెత్తమంటే గోడ చాటున కూర్చునేవాడివంది. ఇప్పుడు దీన్ని దారిలో పెట్టడానికి ఎంత నొక్కాలో చూడమంటూ, ఆ కోపమంతా పెట్టి నొక్కి, పళ్ళు బిగించి మెల్లగా వదిలింది. కారు రెండు మూడు కుదుపులు ఇచ్చింది కానీ ఆగలేదు. షెడ్డు దాటి, గేటు దాటి, వీధి మలుపు తిరిగింది.

బాబాయి గుమ్మం మెట్టు మీద కూర్చుని, ఇన్నాళ్ళూ క్లచ్ నొక్కిన ఎడమ మోకాలిని రెండు చేతులతో రుద్దుకున్నాడు.

"నాకిక్కడ నొప్పిగా ఉందంటావా?" అని నన్ను అడిగాడు.

ఉందన్నాను.