హాస్లింగర్ మేస్త్రీ బంగారు గుండీ

మా స్టైర్ ఊళ్లో పొగగొట్టాలు తుడిచే హాస్లింగర్ మేస్త్రీకి అరవై రెండేళ్లు. కుడి మోకాలు అరిగిపోయింది. ఇంకో రెండేళ్లకు మించి ఇళ్ల కప్పులెక్కలేనని ఆయనకే తెలుసు. పని నేర్చుకునేవాళ్లు దొరక్కపోతే తండ్రి నాటి ఆ పని ఆయనతో సరి. ఆరేళ్లుగా ఒక్కరూ రాలేదు.

అందుకే ఈ వసంతంలో పనిలో చేరబోయే పిల్లల కోసం మా బడి వ్యాయామశాలలో పెట్టిన ముఖాముఖికి ఆయన్ని నేనే పిలిచాను. యజమానులు తలా ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. పిల్లలు తాము కలవాలనుకున్న వాళ్ల పేర్లు చీటీ మీద రాసుకుని తిరుగుతారు. మాట్లాడాక యజమాని దాని మీద సంతకం పెడతాడు. పది నిమిషాలకోసారి గంట కొట్టడం నా పని.

"పండగ కోటు వేసుకు రండి మేస్త్రీ, పిల్లలు ఆగి చూస్తారు" అని ఓ సలహా కూడా పారేశాను. నా నోరు ఊరుకోదుగా.

నల్లకోటుకి బంగారు గుండీలు తోమి మరీ వేసుకొచ్చాడు. పిల్లలు ఆగారు. ఆగకేం? పొగగొట్టాల మేస్త్రీ గుండీ తిప్పితే అదృష్టమని మావైపు నమ్మకమాయె. బ్యాంకు బల్లకు పోయేవాడూ, కార్ల కంపెనీ బల్లకు పోయేదీ ముందు ఈయన గుండీ తిప్పి పోవడమే. ఎదురుగా ఉన్న కుర్చీలో ఒక్కరూ కూర్చోలేదు.

"మేస్త్రీ, ఒక్కసారి తిప్పనివ్వరూ? బ్యాంకు వాళ్లు లెక్కలు అడుగుతారట."

"తిప్పు నాయనా. గుండీకీ లెక్కలు రావు మరి."

మొదట్లో అలా నవ్వాడు. మధ్యాహ్నానికి నవ్వు పోయింది. ఎవరు దగ్గరికొచ్చినా మాట్లాడకుండా ఛాతీ ముందుకు పెట్టేవాడు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆఖరి గంటకు కాస్త ముందు వలెరీ వచ్చింది. నా తరగతిలో అందరికన్నా నోట్లో నాలుక లేని పిల్ల. చీటీ నలిపేస్తూ ఆయన ముందు నిలబడింది. ఆయన తలెత్తకుండానే గుండీ చూపించాడు. వలెరీ కాసేపు దాని వంక చూసి, రెండు వేళ్లతో తిప్పి, "థాంక్స్ మేస్త్రీ" అని వెళ్లిపోయింది. నేను గంట కొట్టాను.

సాయంత్రం పిల్లలు పెట్టెలో వేసి పోయిన చీటీలు తీస్తుంటే వలెరీది కనిపించింది. మిగతావాళ్లు నాలుగైదు పేర్లు రాశారు. దాని మీద ఒక్కటే ఉంది, హాస్లింగర్. సంతకం చోటు ఖాళీ.

మర్నాడు ఆ పిల్లని పట్టుకుని అడిగాను.

"నోరు తెరవకముందే గుండీ చూపించారు టీచర్. ఇది కప్పులెక్కే రకం కాదనుకున్నారేమో అని..."

"పద, ఇప్పుడే వెళ్దాం."

"వద్దు టీచర్. నిన్న రాత్రే అమ్మ చెప్పుల కొట్టులో నా పనికి మాట్లాడేసింది. సంతకాలు కూడా అయిపోయాయి."

శనివారం బేకరీలో మేస్త్రీ కనిపించాడు. మోకాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"టీచరమ్మా, ఆఖర్న వచ్చిందే ఆ పిల్ల, దానికి ఎక్కడైనా చోటు దొరికిందా?"

"దొరికింది" అన్నాను. మిగతాది చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"పోన్లే, గుండీ దానికైనా పనిచేసింది" అని ఆయన చాలా సంతోషపడ్డాడు.