మిరప రాశిలో మగ్గిన రసాలు

మామిడిపండు తిని, నోరు పట్టుకుని బావి దగ్గరికి పరిగెత్తిన అల్లుణ్ణి మీరెవరైనా చూశారా? నేను చూశాను. పరిగెత్తించింది నేనే.

ఎనభైల నాటి మాట. మా ఆయన బతికున్న రోజులు. గురజాల దగ్గర మా ఊళ్లో ఏ కాలానికి ఏది చవకైతే అదే మాకు కూర, అదే పండు. వంకాయ చవకైతే మా కలల్లోకి కూడా వంకాయే వచ్చేది. ఆ ఎండాకాలం మా ఆడపడుచు మొగుడితో కలిసి వస్తున్నట్టు కబురొచ్చింది. అల్లుడికి రసాలు పెట్టకపోతే అత్తకు తలవంపులు. బజారులో పండ్ల ధర వింటేనే మా అత్తకు కళ్లు తిరిగాయి.

"ఇప్పుడెట్టా చేద్దామే?"

"నాకొదిలెయ్ అత్తా. గాలికి రాలిన కాయలు తోటలో చానా చవగ్గా ఇస్తున్నారు. తెచ్చి మగ్గేస్తా."

"చెడగొట్టావంటే ఇంక బజారు సంచీ ముట్టనియ్యను!"

ఆ సంచీ కోసం నేను కాపురానికి వచ్చిన నాటినుంచి కాచుకుని ఉన్నాను. అది నా చేతికొస్తే, అత్తకు పడని దోసకాయ నేను కొనుక్కోవచ్చు మరి!

కాయలైతే తెచ్చాను. మగ్గేయడానికి గడ్డి ఏది? బర్రె మేసేసింది. గదిలో మంచి ధర కోసం ఆపుకున్న ఎండుమిరపకాయల రాశి కనబడింది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. కోడికింద గుడ్లు పెట్టినట్టు కాయలన్నీ అందులో పూడ్చేశాను. చేతులు మండలేదా అంటారేమో, మిరప కోసే చేతులకు మంట ఒక లెక్కా? ఇక ఘాటంటారా, ఇంట్లో మనుషులమే మిరపకాయల వాసన కొడుతున్నాం, పండును ఎవరు వాసన చూస్తారు!

పండ్లు బంగారంలా పండాయి. కడగాలంటే మళ్లీ నీళ్లు మోయాలని, కొంగుతో తుడిచి పళ్లెంలో పేర్చాను. అల్లుడుగారు ఒక పండు పిసికి, ముచ్చిక గిల్లి, నోట పెట్టి జుర్రాడు.

ముందు కళ్లు ఎర్రబడ్డాయి. తర్వాత చెవులు.

"ఏం అల్లుడూ, తియ్యగా లేదా?" అంది అత్త.

"లోపల తియ్యగానే ఉందత్తా... హా... హా..."

"మరి ఏడుస్తున్నావేంది?"

"ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నా!" అంటూ బావి దగ్గరికి పరుగు.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. మా ఇంట్లో అల్లుడి నోట్లో ఎండుమిర్చి!

"ఏమే, మా ఆయన్ని చంపుదామనా? వేటిలో మగ్గేశావే వీటిని?" ఆడపడుచు నా మీదికొచ్చింది. రాశి వైపు చెయ్యి చూపించాను. అత్త లేచింది. సంచీ పోయినట్టే అనుకున్నాను. ఆమె పండ్లన్నీ కడిగి, తొక్క ఒలిచి, రసం పిండి గిన్నెలో పోసి అల్లుడికిచ్చింది. ఆయన రెండు గిన్నెలు తాగి, వాచిన పెదాలతో అన్నాడు:

"చెల్లెమ్మా, ఇది ఏ తోటదో చెప్పు. ఒక మొక్క తెచ్చి మా దొడ్లో వేసుకుంటా. కోతులు ఆ దిక్కుకే రావు!"

అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే సంచీ నా మీదికి విసిరింది. "ఫో, రేపు ఆ దిక్కుమాలిన దోసకాయలే తెచ్చుకో. వాటిని మాత్రం ఎక్కడా పూడ్చమాక!"

వినేవాళ్లందరి సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను: ఈ కట్టె కాలేదాకా మామిడినీ మిరపనూ ఒకచోట పెట్టను. ఆవకాయ జాడీలో తప్ప.